చివరి చరణంలో పేరు

1969 ఆగస్టు 23న ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ పుట్టింది. పాటల పరిశ్రమలో ఐపీఆర్‌ఎస్ అంటేనే అందరికీ తెలుస్తుంది. పేరులో సొసైటీ అని ఉన్నా కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థ ఇది. వాటాదారులు లేరు, లాభాలు పంచుకోవడం లేదు, సభ్యుల పూచీ మీద నడుస్తుంది. పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, పాటల హక్కులు కొనుక్కున్న మ్యూజిక్ కంపెనీలు ఇందులో సభ్యులు. రేడియోలో, టీవీలో, హోటల్లో, ఫోన్‌లో, స్టేజీ మీద ఆ పాటను ఎవరు వాడుకున్నా వాళ్ల దగ్గర రుసుము వసూలు చేసి, ఖర్చులు పోను ఎవరి వాటా వాళ్లకు పంపడం దీని పని. 2024 ఆగస్టు 23తో దీనికి యాభై అయిదేళ్లు నిండాయి. తెలుగు పాట వింటూ పెరిగినవాణ్ణి, ప్రతి పాటకీ ‘ఇది ఎవరు రాశారు’ అని అడిగి ఇంట్లోవాళ్లను విసిగించినవాణ్ణి. అందుకే ఈ అభినందన నా సొంత ఇంటి పండగకు రాస్తున్నట్టు రాస్తున్నాను.

పాటకు పేరు ముడివేసే అలవాటు మనకు చాలా పాతది. త్యాగయ్య కీర్తన చివరి చరణానికి వచ్చేసరికి త్యాగరాజు పేరు వినిపిస్తుంది. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు వస్తాడు. దీక్షితులవారు గురుగుహ అంటారు, శ్యామశాస్త్రిగారు శ్యామకృష్ణ అంటారు. దీన్నే ముద్ర అన్నారు. పాటకు కాళ్లుంటాయని, ఊరు దాటిపోతుందని వాళ్లకు తెలుసు. తంజావూరులో పుట్టిన కీర్తనను రెండొందల ఏళ్ల తర్వాత కాకినాడలో ఓ పదేళ్ల పిల్ల పాడినా, కట్టినవాడి పేరు పలక్కుండా ఆ పాట పూర్తి కాదు. కాగితం మీద సంతకమైతే చెరిగిపోతుంది. పాటలోనే కలిపేసిన సంతకాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు.

తాళ్లపాక వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. అన్నమయ్య సంకీర్తనలను ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించాడు. ఏ పాట ఏ రాగమో రేకు మీదే వేయించాడు. తిరుమల గుడిలో ఒక అరలో ఆ రేకులన్నీ శతాబ్దాల పాటు నిద్రపోయి, ఇరవయ్యో శతాబ్దంలో బయటికి వచ్చాయి కాబట్టే ఇవాళ పన్నెండు వేలకు పైగా సంకీర్తనలు మనకు దక్కాయి. నన్నడిగితే తెలుగువాళ్ల మొదటి పాటల రిజిస్టరు అదే. రాసిందెవరు, రాగమేది, ఎన్ని ఉన్నాయి అన్న లెక్కలన్నీ రాగి మీద ఉన్నాయి.

సినిమా పాట వచ్చాక ముద్రకు చోటు లేకుండా పోయింది. తెర మీద హీరో పాడుతున్న ప్రేమగీతం చివర రాసినాయన తన పేరు ఎలా కలుపుతాడు? ఆ మాటలు పాత్రవి అయిపోతాయి. కాబట్టి పేరు పాట బయట ఎక్కడో ఉండాలి. కొంతకాలం బాగానే ఉంది. మా ఊరి టూరింగ్ టాకీసు బయట పావలాకు పాటల పుస్తకం అమ్మేవాళ్లు. పలచటి గులాబీరంగు కాగితం, వేలు తగిలితే అంటుకునే సిరా. మొదట తారాగణం, తర్వాత సగం కథ చెప్పి మిగతాది వెండితెర మీద చూడమనే మాట, ఆ తర్వాత పాటలు. ప్రతి పాట చివర కుడిపక్కన బ్రాకెట్లలో రాసినాయన పేరు. ఆత్రేయ, కొసరాజు, దాశరథి, ఆరుద్ర, సినారె. నా చిన్నతనంలో వాళ్లంతా ఆ బ్రాకెట్లలోనే కాపురం ఉంటారనుకునేవాణ్ణి.

రెండో చోటు రేడియో. వివిధభారతిలో జనరంజని వచ్చే వేళకు మా నాన్న నోటుబుక్కు తెరిచి నాలుగు గడులు గీసుకునేవారు. చిత్రం, రచన, సంగీతం, పాడినవారు. అనౌన్సరు పేర్లు చదువుతుంటే గబగబా రాసుకునేవారు, ఒక్క పేరు జారిపోతే ఆ పాటంతా అసంతృప్తిగానే వినేవారు. రేడియోలో గీతరచయిత పేరు కూడా చెప్పాలని సాహిర్ లుధియాన్వీ పట్టుబట్టాడని హిందీ సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పట్టుదల ఫలం మా నాన్న రెండో గడిలో పడిందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి. కవరు చిన్నది, అక్షరాలు చిన్నవి. ఎఫ్‌ఎం వచ్చింది, పాటకూ పాటకూ మధ్య పేర్లు చెప్పే తీరిక లేకుండా పోయింది. కాలర్ ట్యూన్లు, రీల్స్ వచ్చేసరికి పాటే ముప్పై సెకన్లయింది, ఇక పేరెక్కడ? తొంభైల్లో నేనూ ఒక భక్తి క్యాసెట్‌కు నాలుగు పాటలు రాశాను. చేతిలో మూడొందలు పెట్టారు, సంతోషంగానే తీసుకున్నాను. క్యాసెట్ బయటికొచ్చాక కవరు ఇటూ అటూ తిప్పి చూస్తే పాడినవాళ్ల ఫోటో ఉంది, నిర్మాత ఫోటో ఉంది, రాసినవాడి పేరు ఎక్కడా లేదు. డబ్బు సంగతి ఎప్పుడో మర్చిపోయాను. ఆ కవరు మాత్రం ఇప్పటికీ బీరువాలో ఉంది.

ఐపీఆర్‌ఎస్‌ను డబ్బు వసూలు చేసే ఆఫీసుగా చూసేవాళ్లు చాలామంది. నేను దాన్ని పేర్లు కాపాడే చోటుగా చూస్తాను. పేరు సరిగ్గా ఉంటేనే డబ్బు వెనక్కి నడిచి వస్తుంది.

ఈ ఆలోచనకు మూలం పారిస్‌లో ఒక కాఫీ కొట్టు. 1847లో ఎర్నెస్ట్ బూర్జే అనే పాటల రచయిత షాంజెలిజే వీధిలోని అంబాసదర్ అనే కాఫీ హౌస్‌కు వెళ్లాడు. అక్కడ తన పాటే పాడుతున్నారు. తాగిన చక్కెర నీళ్లకు బిల్లు తెస్తే, నా పాటకు మీరు డబ్బివ్వనప్పుడు మీ చక్కెర నీళ్లకు నేనెందుకివ్వాలని కూర్చున్నాడట. తగాదా కోర్టుకెక్కింది, బూర్జే గెలిచాడు. 1851లో సాసెమ్ అనే సంఘం పుట్టింది. 1914లో లండన్‌లో పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ వచ్చింది. మన సంస్థ పేరు చూస్తేనే ఆ చుట్టరికం తెలిసిపోతుంది. పాట కట్టిన ఒక్కడు ఊరూరా తిరిగి హోటళ్లలో చెవి పెట్టి వినలేడు, పాట వాడుకునేవాడు ఒక్కో పాటకు ఒక్కో రచయిత ఇల్లు వెతుక్కుంటూ వెళ్లలేడు. ఇద్దరికీ మధ్యన ఒక నమ్మకమైన గుమస్తా కావాలి.

మన గుమస్తాకు పని మొదలెట్టిన రోజు నుంచే కష్టాలు. పుట్టిన నెల దాటగానే, 1969 సెప్టెంబరు 27న, సొసైటీ తన రుసుముల పట్టికను పత్రికలో ప్రకటించింది. సినిమా హాళ్లవాళ్లు, నిర్మాతలు భగ్గుమన్నారు. కాపీరైట్ బోర్డు సొసైటీ పక్షాన చెప్పింది. 1974లో కలకత్తా హైకోర్టు దాన్ని కొట్టేసింది. 1977 మార్చి 14న సుప్రీంకోర్టు కూడా హైకోర్టు మాటే ఖాయం చేసింది. నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం పాట చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ పాటకు మొదటి యజమాని నిర్మాతే అని తేలింది. తీర్పు రాసింది జస్టిస్ జశ్వంత్ సింగ్. ధర్మాసనంలో ఉన్న జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దానికి వేరుగా ఒక చిన్న అనుబంధం జోడించారు. తీర్పుతో ఏకీభవిస్తూనే, సంగీతం పుట్టించేవాళ్లకు, పాడేవాళ్లకు చట్టం చేస్తున్న న్యాయం గురించి శాసనకర్తలు మళ్లీ ఆలోచించాలని అందులో సూచించారు. ఓడినవాళ్ల కోసం గెలిచిన తీర్పులోనే వెలిగించిపెట్టిన దీపం అది. పార్లమెంటు చూపు దాని మీద పడేసరికి ముప్పై అయిదేళ్లు గడిచాయి.

ఆ ముప్పై అయిదేళ్లే తెలుగు సినిమా పాటకు మహా పంటకాలం అన్న సంగతి మర్చిపోకూడదు. శ్రీశ్రీ, ఆత్రేయ చివరి రోజులు, వేటూరి వేగం, సిరివెన్నెల రాక అన్నీ అందులోనే ఉన్నాయి. ‘పాటకు ఇంత’ అని మాట్లాడుకుని, సిట్టింగులో కూర్చుని, డమ్మీ మాటల మీద అసలు మాటలు పొదిగి, చెక్కు తీసుకుని లేస్తే ఆ పాటతో వ్యవహారం ముగిసినట్టే. ఆ పాట పాతికేళ్లు మోగినా సరే.

2012లో చట్టం మారింది. రాజ్యసభకు నామినేట్ అయిన జావేద్ అఖ్తర్ సభలో గట్టిగా మాట్లాడారు. మే 17న రాజ్యసభ, మే 22న లోక్‌సభ ఆమోదించాయి. రెండేళ్ల ముందు సరిగ్గా అదే మే 22న వేటూరి వెళ్లిపోయారు. ఈ రెండు తేదీలు కలిసిన సంగతి గమనించిన రోజు నాకు చాలాసేపు ఏ పనీ తోచలేదు. జూన్ 21 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. దాని సారం ఇది: సినిమా పాట హక్కులు అమ్మేసినా, రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ రాయల్టీలో హక్కుదారుతో సమానంగా వాటా ఉంటుంది. ఆ వాటాను వదులుకుంటున్నానని సంతకం పెట్టినా ఆ సంతకం చెల్లదు. వారసులకు గానీ కాపీరైట్ సొసైటీకి గానీ మాత్రమే దాన్ని అప్పగించవచ్చు. అవసరం మెడ మీద కూర్చున్న రోజున ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తాం. అలాంటి రోజున మనిషిని తన సంతకం నుంచే కాపాడే చట్టం ఇది. ఒక్క మినహాయింపు పెట్టారు, సినిమా హాల్లో సినిమాతో పాటు మోగే పాటకు ఇది వర్తించదు. 1969లో గొడవ మొదలైంది సినిమా హాళ్ల దగ్గరే కదా. ఆ గుమ్మం మాత్రం ఇంకా మూసే ఉంది.

సొసైటీ లోపల కూడా అప్పటిదాకా అంతా సవ్యంగా లేదు. రచయితలకు, సంగీత దర్శకులకు ఇంటి లోపల తగిన పీట వేయడం లేదన్న విమర్శ పార్లమెంటు దాకా వెళ్లింది. పుట్టినరోజున ఈ మాట ఎందుకంటే, తర్వాత జరిగిన మార్పు విలువ ఇది చెబితేనే తెలుస్తుంది. కొత్త చట్టం ప్రకారం కాపీరైట్ సొసైటీ పాలకవర్గంలో సృష్టికర్తలూ హక్కుదారులూ సరిసమానంగా ఉండాలి, రాయల్టీ పంపకంలో వాళ్ల మధ్య తేడా చూపకూడదు. సంస్థ తన నియమాలు మార్చుకుంది, ఎన్నికలు జరిగాయి, జావేద్ అఖ్తర్ అధ్యక్షుడయ్యారు. 2017 నవంబరు 28న ప్రభుత్వం మళ్లీ కాపీరైట్ సొసైటీగా నమోదు చేసింది. దాన్ని రెండో పుట్టుక అనవచ్చు. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఇల్లు మొత్తం విప్పి మళ్లీ కట్టుకోవడానికి ఎంతో ఓర్పు ఉండాలి. నేను మొట్టమొదట అభినందించేది దానికే.

2023 ఏప్రిల్ 28న బొంబాయి హైకోర్టు ఇచ్చిన మాట కూడా చెప్పుకోవాలి. రికార్డు మోగించడానికి మ్యూజిక్ కంపెనీకి రుసుము కడుతున్నాం, మళ్లీ రచయితకూ సంగీత దర్శకుడికీ ఎందుకన్న రేడియో సంస్థల వాదనను పక్కనపెట్టి, వాళ్ల రాయల్టీ వాళ్లకు దక్కాల్సిందేనని చెప్పింది. 1977లో ఓడిన సొసైటీ నలభై ఆరేళ్ల తర్వాత ఒక గడప దాటి లోపలికి వచ్చింది.

రికార్డుకూ పాటకూ తేడా ఏమిటని మా ఇంట్లోనే అడుగుతుంటారు. అన్నమయ్యతోనే చెబుతాను. ఆయన సాహిత్యం ఎవరి సొత్తూ కాదు, అందరిదీ. రేకుల మీద రాగం పేరుంది కానీ స్వరం లేదు, అసలు బాణీ కాలంలో కలిసిపోయింది. ఇవాళ మనం పాడుకునే బాణీలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి వంటి మహానుభావులు కట్టినవి. అంటే మాటలు అందరివీ, బాణీ కట్టినవారిది. ఆ బాణీని ఒక గాయని స్టూడియోలో పాడితే ఆ రికార్డు హక్కు ఇంకొకరిది. ఒకే పాటలో మూడు వరసల హక్కులున్నాయి. మాటల సంగతి, బాణీ సంగతి చూసేది ఐపీఆర్‌ఎస్. రికార్డు సంగతి, గొంతు సంగతి చూసే సంస్థలు వేరే ఉన్నాయి. రచయిత పోయిన తర్వాతి జనవరి నుంచి అరవై ఏళ్లు ఆ కాపీరైట్ బతుకుతుంది. రాళ్లపల్లివారు 1979లో పోయారు, కాబట్టి ఆయన బాణీలకు 2039 చివరి దాకా రక్షణ ఉంది. పింగళి మాటలకు 2031, శ్రీశ్రీ మాటలకు 2043, వేటూరివాటికి 2070, సిరివెన్నెలవాటికి 2081. ఇవాళ పుట్టిన పిల్లలు మధ్యవయసుకు వచ్చేదాకా సీతారామశాస్త్రిగారి పేరు లెక్కల్లో ఉంటుందన్నమాట.

ఆ లెక్కల గదిలోకి ఒకసారి తొంగిచూస్తే తెలుగువాళ్ల పేర్లు పెట్టే తిప్పలు అన్నీ ఇన్నీ కావు. శ్రీశ్రీ అంటే శ్రీరంగం శ్రీనివాసరావు. ఆత్రేయ అంటే కిళాంబి నరసింహాచార్యులు. ఆరుద్ర అంటే భాగవతుల సదాశివశంకరశాస్త్రి. సిరివెన్నెల అంటే చేంబోలు సీతారామశాస్త్రి, తను పాటలు రాసిన సినిమా పేరే ఆయన ఇంటిపేరైంది. సముద్రాల అంటే తండ్రి రాఘవాచార్యా, కొడుకు రామానుజాచార్యా? ఇద్దరూ పాటలు రాశారు, సీనియర్, జూనియర్ అని వేసిన చోట సరే, ఉత్త సముద్రాల అని వేసిన చోట ఎవరి పద్దులో రాయాలి? ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్తే ఒక్క శాస్త్రిగారే నలుగురు శాస్త్రులవుతారు. ఎస్ తర్వాత హెచ్ ఉందా, చివర ఐయా వయ్యా అన్న దగ్గర మనిషి రెండుగా చీలిపోతాడు, అతని పాటలు రెండు ఇళ్లకు పోతాయి.

దీనికోసమే ప్రపంచంలోని ఇలాంటి సంఘాలన్నీ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాయి. ప్రతి సృష్టికర్తకూ ఐపీఐ అనే సంఖ్య ఉంటుంది. కలం పేరు వేరే ఉంటే అదీ ఆ మనిషి ఖాతాలోనే చేరుతుంది. ప్రతి పాటకూ టీ అక్షరంతో మొదలై పది అంకెలుండే ఐఎస్‌డబ్ల్యూసీ అనే సంఖ్య ఉంటుంది. అదే పాటను పదిమంది పది రకాలుగా పాడి రికార్డు చేసినా పాట సంఖ్య ఒక్కటే. త్యాగయ్య చివరి చరణంలో కలిపిన పేరు, తాళ్లపాకవారు రాగిలో చెక్కించిన లెక్క, ఈ పది అంకెలు, నాకు మూడూ ఒకే వంశంలా కనిపిస్తాయి.

పాట సముద్రం దాటితే ఈ అంకెలే తోడు వెళ్తాయి. 2023 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోని డాల్బీ థియేటర్‌లో కాలభైరవ, రాహుల్ సిప్లిగంజ్ ‘నాటు నాటు’ పాడారు, చంద్రబోస్, కీరవాణి ఆస్కార్ అందుకున్నారు. చంద్రబోస్ వేదిక మీద నమస్తే అన్నప్పుడు మనందరికీ ఒళ్లు పులకరించింది. నేను మాత్రం ఆ రాత్రి ఇంకో సంగతి కూడా ఆలోచించాను. ఆ పాట ఇక టోక్యోలో, బెర్లిన్‌లో, సావో పాలోలో ఏ హాల్లో మోగినా, అక్కడి సంఘం ఆ సంఖ్య చూసి ఇది ఎవరి బిడ్డ అని కనుక్కుంటుంది. సంఘాల మధ్య ఇచ్చిపుచ్చుకునే ఒప్పందాలుంటాయి. సిసాక్ అనే అంతర్జాతీయ సమాఖ్య కింద ప్రపంచంలో రెండు వందలకు పైగా సంఘాలున్నాయి. మనవాళ్ల పాటకు అక్కడ వసూలైంది ఇక్కడికి వస్తుంది, వాళ్ల పాటకు ఇక్కడ వసూలైంది అక్కడికి పోతుంది.

అమెరికాలో తానా, ఆటా సభలు చేసే మిత్రులకు ఇక్కడే ఒక మాట. మీరు తీసుకున్న హాలుకు సంగీతం లైసెన్సు ఉంటుంది. ఆ రాత్రి ఏ పాటలు పాడించారో, ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఇవ్వకపోతే ఆ డబ్బు అక్కడ ఎక్కువగా మోగే ఇంగ్లీషు పాటల లెక్కలో కలిసిపోయే అవకాశం ఉంది. మూడు గంటలు ఘంటసాల పాటలు పాడించి, ఆ కాగితం ముక్క రాయకపోవడం అన్యాయం. స్వదేశంలో పెళ్లిళ్ల సంగతి అడుగుతారు కాబట్టి అదీ చెబుతాను. పెళ్లి తంతులో, ఊరేగింపులో మోగించే పాటకు లైసెన్సు అక్కర్లేదని చట్టమే చెప్పింది. భజంత్రీలవాళ్లు నిశ్చింతగా వాయించుకోవచ్చు.

సంస్థకు శుభాకాంక్షలు చెబుతూనే ఒక కోరిక కోరుతున్నాను. ఊళ్లలోకి ఇంకా రండి. తెలంగాణలో ఇవాళ జానపద బాణీలో పాటలు రాసి, పాడి, ఫోన్‌తోనే చిత్రీకరించి లక్షలమందికి వినిపిస్తున్న పిల్లలున్నారు. ఉత్తరాంధ్రలోనూ ఉన్నారు. పాట కోట్లసార్లు మోగుతుంది, రాసిన పిల్లవాడికి ఒకేసారి చేతిలో పెట్టిన పదివేలతో తెల్లారిపోతుంది. అతనికి రాయల్టీ అన్న మాట తెలుసు, అది తనకూ వర్తిస్తుందని తెలియదు. దరఖాస్తు తెలుగులో ఇవ్వండి, వరంగల్‌లో, శ్రీకాకుళంలో కూర్చుని నింపించండి. పేరు లేకపోతే పాట ఎలా అనాథ అవుతుందో మనం చూశాం. ‘మా భూమి’ సినిమాలో వినిపించిన సుద్దాల హనుమంతు, బండి యాదగిరి పాటలను ఎవరో పేరులేని పల్లెజనం పాటలనుకునేవాళ్లు నాకు ఎంతమంది తగిలారో లెక్కలేదు. జనం పాట అనిపించుకోవడం గొప్పే. అయినా ఆ జనంలో ఒకాయన రాత్రి బుడ్డిదీపం ముందు కూర్చుని ఒక్కో మాటా ఏరి కట్టాడు.

నేను ఈ సంస్థ పనిని దగ్గర్నుంచి చూసింది ఒక్కసారే. తెనాలి దగ్గర ఒక ఊళ్లో మాకు తెలిసిన అక్క ఉన్నారు. వాళ్ల నాన్నగారు డెబ్భైల్లో, ఎనభైల్లో పాతిక దాకా సినిమా పాటలు రాశారు. పేరు చెబితే చాలామంది గుర్తుపట్టరు, పాట వినిపిస్తే మాత్రం పెదవి కదుపుతారు. వారసురాలిగా సభ్యత్వం కోసం దరఖాస్తు పెట్టాలని అక్క పిలిస్తే వెళ్లాను. పాన్ కార్డు, బ్యాంకు చెక్కు, వారసత్వ పత్రం అన్నీ మంచం మీద పరిచి పెట్టారు. పాటల జాబితా ఎలా అంటే మంచం కింది నుంచి ట్రంకు పెట్టె లాగారు. అందులో ఆ గులాబీరంగు పాటల పుస్తకాలు, చెదలు తిన్నవి పోగా పద్నాలుగు. కర్పూరం వాసన. నేను పేజీలు తిప్పుతూ బ్రాకెట్లు వెతికాను, అక్క సినిమా పేరు, సంవత్సరం, సంగీతం ఎవరిదో ఒక్కొక్కటీ నోటికి చెబుతూ పోయారు. రెండు పుస్తకాల్లో ఆయనది కలం పేరు, మిగతావాటిలో ఇంటిపేరుతో సహా అసలు పేరు.

“ఏది రాయమంటావు తమ్ముడూ?”

“రెండూ రాద్దాం అక్కా. రెండూ ఆయనే అని వాళ్లు కలిపి పెట్టుకుంటారు.”

“ఇంగ్లీషులో నాన్నగారు తన పేరు చివర వై పెట్టేవారు. బ్యాంకులో ఐ ఉంది.”

ఆ ఒక్క అక్షరం దగ్గర మేం అరగంట ఆగాం. చివరికి నాన్నగారు స్వయంగా పెట్టిన సంతకం వెతికి, దాని ప్రకారమే రాశాం.

ఏడాది తర్వాత ఫోన్ చేశారు. స్టేట్‌మెంట్ వచ్చిందట. మొత్తం పెద్దదేమీ కాదు, రెండు నెలల కరెంటు బిల్లుకు సరిపోతుందన్నారు. కానీ ఫోన్‌లో ఆవిడ మొత్తం గురించి మాట్లాడలేదు. వరస వరసగా చదువుకుంటూ పోయారు. ఫలానా పాట, ఎఫ్‌ఎం. ఫలానా పాట, టీవీ. ఒక పాట దగ్గర ఆగిపోయారు. ఆ సినిమా వారం కూడా ఆడలేదు, ప్రింటు కూడా ఎక్కడా దొరకదు. ఆ పాట ఎవరో ఎక్కడో విన్నారు.

“ఇది నాన్నగారు మా పెరట్లో జామచెట్టు కింద కూర్చుని రాశారు తమ్ముడూ. నాకు ఏడేళ్లు,” అన్నారు. తర్వాత స్టేట్‌మెంట్‌లో ఆ వరుసలో ఉన్న పేరును ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ, చివర వైతో సహా, పైకి చదివి వినిపించారు.